నాలుగో చక్రం మీద బొట్టు

మనిషి చచ్చిన కారు బానెట్టు మీద పొట్లం విప్పుకొని బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినే మనిషిని అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఎమ్మిగనూరులో, పోలీసుస్టేషను వెనక ఆవరణలో ఆ రోజు చూశాను. ఆయన ఆ స్టేషను సీఐ, పేరు బసవరాజు. నన్ను చూసి కూడా తిండి ఆపలేదు. మిరపకాయ బజ్జీ తొడిమను కారు లోపలికే విసిరాడు. అది మొన్న మంగళవారం శ్రీశ కూర్చొని ప్రాణం వదిలిన సీటు.

"బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం ఇడిసిపెట్టి డిటెక్టివ్ అయినావంట కదా రూప మేడం. సూస్కో, ఎంతసేపు సూస్తావో. సాయంత్రం ముద్దాయిని కోర్టులో పెడతాండాను. ఆమైన నువ్వు సూసేకి ఏమీ ఉండదు" అన్నాడు.

నా కారును లోపలికి రానిచ్చాడు గాని, ఫోను మాత్రం గేటు దగ్గరే లాక్కుని సొరుగులో పడేయించాడు. కేసులో ఉన్న బండికి బయటివాళ్లు ఫొటోలు తీయకూడదట. అదే బండి పక్కన ఇద్దరు హోంగార్డులు నిలబడి సెల్ఫీ దిగుతున్నారు. ఒకడు రెండు వేళ్లు కూడా చూపించాడు. ఛీ, ఇందుకే కదా సర్కారు నౌకరీ వదులుకున్నాను అనుకుంటూ చీర కొంగు దోపుకొని కారు కిందికి వంగాను.

ఆదోనిలో ఇంటి వెనక రేకుల షెడ్డులో శ్రీశ సొంతంగా కట్టుకున్న స్పోర్ట్సు కారు అది. ఇద్దరే పట్టే బండి. తుక్కులో కొన్న ఇంజినును డ్రైవరు వీపు వెనక బిగించాడు. దానికోసం ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు పని కూడా మానేశాడు. చట్రం, మరలు, రింగులు అన్నీ చేసిపెట్టింది ఎమ్మిగనూరులో లేతుషాపు నడిపే స్నేహితుడు మంజునాథ్. సోమవారం సాయంత్రం బండికి పూజ చేశారు. మంగళవారం పొద్దున శ్రీశ ఒక్కడే దాన్ని ఎమ్మిగనూరు రోడ్డు ఎక్కించాడు. గొర్రెల మంద అడ్డమొస్తే బ్రేకు తొక్కాడు. బండి ఎడమకు గుంజుకుపోయి కల్వర్టు గోడను కొట్టుకుంది.

కావాలనే స్ప్రింగులు తప్పుగా బిగించి మంజునాథ్ చంపాడని కేసు. కోయంబత్తూరు రేసు ట్రాకు మీద ముందు ఎవరు తోలాలని ఇద్దరూ పూజకు ముందురోజే కాలర్లు పట్టుకున్నారట. హత్య కేసు రుజువైతే ముప్పై ఏళ్లు నిండని ఆ మనిషి జైల్లో ముసలివాడవుతాడు. అతన్ని బయటికి తీయమని నన్ను పిలిపించింది అతని వాళ్లు కాదు. చచ్చినవాడి తల్లి సీతాబాయి. మొగుడికి తెలియకుండా పక్కింటి ఫోను నుంచి మాట్లాడింది. మంజు చేతుల మీద నా కొడుకు చావలేదు, నాకు తెలుసు, ఆ పిల్లవాణ్ని కాపాడమ్మా అని ఒకటే మాట.

కుర్రాళ్లు స్పోర్ట్సు కారంటే ఇంజిను అనుకుంటారు. నాలుగు చక్రాలూ బరువును ఎట్లా పంచుకున్నాయన్నదే అసలు సంగతి. ప్రతి చక్రం దగ్గరా ఒక స్ప్రింగు, దాని కింద మరలు కోసిన గొట్టం మీద ఒక రింగు ఉంటాయి. రింగును పైకి తిప్పితే స్ప్రింగు బిగిసి ఆ మూల లేస్తుంది. మంచానికి ఒక కోడు కింద చెక్కముక్క పెట్టారనుకోండి. బరువంతా ఆ కోడు మీదా, దానికి ఎదురుమూల కోడు మీదా పడుతుంది. తక్కిన రెండూ నేలను తాకీ తాకనట్టు ఉంటాయి. మంచమైతే కిర్రుమని ఊరుకుంటుంది. కారైతే బ్రేకు తొక్కగానే బరువులేని ముందుచక్రం జారి, బరువున్న వైపుకు ముక్కు తిప్పుకుంటుంది.

ముందు ఎడమ మూల నుజ్జునుజ్జయింది. వెనక భాగానికి దెబ్బ తగల్లేదు. చక్రాలు పోలీసులే విప్పి పక్కన పడేశారు కాబట్టి రింగులు బాగా కనబడుతున్నాయి. వెనక కుడివైపు రింగు తన జత రింగు కంటే చాలా పైన ఉంది. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి కొద్దిగా తేడా ఉండటం మామూలే. ఇంత తేడా ఎవడూ పెట్టడు. వెనక కుడి మూల లేస్తే దాని ఎదురుమూల ముందు ఎడమ చక్రం బరువెక్కుతుంది. బ్రేకు తొక్కితే బండి పోయేది ఎడమకే. కల్వర్టు ఉన్నదీ ఎడమనే.

"నేనూ అదే అంటాండా. తిప్పినోడు మంజునాథే" అన్నాడు బసవరాజు వేళ్లు నాక్కుంటూ.

మంజునాథ్‌ను చూస్తే ఎవరికీ జాలి పుట్టదు. నాకూ పుట్టలేదు. లాకప్పు గోడ నిండా ఉమ్మి, ఆ ఉమ్మి పక్కనే కాళ్లు చాపుకొని కూర్చున్నాడు. నన్ను బ్రేకమ్మా అని పిలిచాడు. ఆర్టీవో ఆఫీసులో నేను ఎప్పుడో అతని బండికి కాయితం ఇవ్వలేదట, ఆ కోపం ఇప్పుడు తీర్చుకుంటున్నాడు. నేను పట్టించుకోకుండా సోమవారం ఏం జరిగిందో చెప్పమన్నాను.

మధ్యాహ్నం పత్తి మండీ నుంచి నాలుగు కాటాలు తెచ్చారట. షెడ్డులో ఒక్కో చక్రం కింద ఒక్కో కాటా పెట్టారు. శ్రీశ కిందికి వంగి రింగులు తిప్పాలి కాబట్టి అతని బరువుకు సరిపడా పత్తిగింజల మూట తూచి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. ఎదురుమూలలు రెండేసి కలిపితే బరువు సమానంగా వచ్చేదాకా ఇద్దరూ అక్కడి నుంచి లేవలేదు. సాయంత్రం సీతాబాయి పూజ చేసింది. తరవాత షెడ్డుకు తాళం వేశారు. తాళంచెవి ఎప్పట్లాగే శ్రీశ ఇంట్లో మేకుకు తగిలించారు. మంజునాథ్ మోటారుసైకిలెక్కి ఎమ్మిగనూరు వచ్చేశాడు.

"కొట్టుకున్నారంట కదా" అన్నాను.

"కొట్టుకున్న్యాం. అయితే ఏంది? మల్లా కలిసి మండీకి పోయి కాటాలు మోసుకొచ్చినాం. ఆ రింగులు నేను లేతు మీద కోసినవి బ్రేకమ్మా. నా చేత్తో చేసినదాన్ని నేను పాడు చేస్తానా? పో, పోయి ఆ సీఐనే అడుగు."

నోటి దురుసు ఎంత ఉన్నా బరువుల సంగతి చెప్పేటప్పుడు అతను ఎక్కడా తడుముకోలేదు. కాని తడుముకోలేదన్నది కోర్టులో పనికిరాదు. నేను తిరిగొచ్చేసరికి బసవరాజు బానెట్టు మీద నూనె కాగితాన్ని ఉండచుట్టి, నాకోసమే దాచిపెట్టినట్టు తన సాక్ష్యం చూపించాడు.

పూజలో సీతాబాయి చక్రాల లోపలి రింగులకు కూడా బొట్లు పెట్టింది. ప్రతి బొట్టూ సగం రింగు మీద, సగం కింద గొట్టం మీద పడింది. ఆ తరవాత ఎవరు రింగు తిప్పినా బొట్టు రెండుగా చీలిపోవాలి. నాలుగు బొట్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంటే పూజ తరవాత ఎవరూ ముట్టుకోలేదు. పూజకు ముందు బిగించింది మంజునాథ్. బరువులు సరిగ్గా వచ్చాయన్నది అతని నోటిమాటే కదా, దానికి సాక్షి చచ్చిపోయాడు.

ఒప్పుకోవాలి, గట్టి వాదన. ఇది నీ బుర్రలో పుట్టిందా అని అడిగాను.

బసవరాజు నవ్వాడు. "మా ఫిజిక్సు సారు పట్టించినారు. శ్రీశ నాయన, మధుసూదనరావు సారు. నాకు హైస్కూల్లో సదువు సెప్పినోరు. మంగళారం ఆసుపత్రిలో, శవం ఇంకా లోపలే ఉంది, అంత దుఃఖంలో కూడా నన్ను పిలిచి చెప్పినారు. బసవరాజూ, చక్రాలు ఇప్పి చూడప్పా, లోపల రింగుల మీద కుంకుమ ఉంటాది, నాలుగూ చూడు అని. అట్లాంటి బుర్ర మేడం ఆయనది."

అంత దుఃఖంలో ఎవరికైనా అది గుర్తొస్తుందా అనుకున్నాను. అయినా చదువుకున్నవాళ్లు దుఃఖాన్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా దాచుకుంటారు. మళ్లీ కిందికి వంగి, ఈసారి బొట్లే చూశాను.

మూడు రింగుల మీద అడుగున పసుపు, దాని పైన కుంకుమ. అంచుల్లో పసుపు గీత సన్నగా కనబడుతోంది. నాలుగోది, వెనక కుడి రింగు మీదిది, ఉత్త కుంకుమ. బొట్టు కూడా పెద్దది. సీతాబాయి వేలి కొస కంటే లావు వేలు పెట్టినట్టుంది. గోటితో అంచు కొద్దిగా గీరాను. కుంకుమ కింద నల్లగా ఏదో పూసి తుడిచిన మరక ఉంది.

"గ్రీజు" అన్నాడు బసవరాజు నా భుజం మీదుగా ఉల్లిపాయ వాసన కొడుతూ.

నేనూ మొదట అదే అనుకున్నాను. కాని ఆ రింగు మీద గ్రీజు పూయరు, దుమ్ము పట్టి మర కూరుకుపోతుంది. వేలు వాసన చూశాను. ఇంజిను వాసన కాదు. ఆముదం దీపం మసి వాసన.

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. మధుసూదనరావు, సీతాబాయి దిగారు. పోలీసులు దాచిన కొడుకు వాచీ, చెప్పులు తీసుకుపోవడానికి వచ్చారు. బసవరాజు చేతులు ప్యాంటుకు తుడుచుకొని ఎదురు పరిగెత్తాడు, కాళ్లకు మొక్కాడు, తన కుర్చీ తెప్పించి వేయించాడు. పెద్దాయన ఇస్త్రీ చొక్కా, నుదుటి మీద నల్లటి అంగారం గీత, కాలు మీద కాలు. నేనెవరో చెబితే తల పంకించి, ఈ విషయం తేలిపోయింది కదా, ఇంకా శ్రమ ఎందుకని మంచి తెలుగులో అడిగాడు. కొడుకు కూర్చున్న సీటు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

సీతాబాయి చూసింది. చెప్పుల సంచి పట్టుకొని నేరుగా కారు దగ్గరికే వచ్చింది. అమ్మా, నాలుగు రింగులకూ నువ్వే బొట్టు పెట్టినావా అని అడిగాను. పెట్టానంది. అయితే ఒకసారి చూడమని చక్రం దగ్గరికి తీసుకుపోయాను. ఆడమనిషికి అవన్నీ చూపించడమెందుకని బసవరాజు అడ్డం వచ్చాడు. ఆమె అప్పటికే వెనక కుడివైపు చతికిలబడి కూర్చుంది. చాలాసేపు ఆ ఎర్రటి బొట్టునే చూసింది.

"దీనికి నేను కుంకుమ పెట్టలేదు తల్లీ" అంది మెల్లగా. "మూడిటికే పెట్టినాను. దీనికి కాటుక పెట్టినాను, దిష్టిచుక్క. డ్రైవరు వెనక కదా ఇది, ఎవరికీ కనపడదు. బండి అంత ముద్దుగా ఉంటే ఊరంతా చూస్తాంది, నాకు భయమేసింది. పిల్లలకు అరికాలికి పెట్టినట్టు పెట్టినాను. దిష్టిచుక్క చెప్పకూడదు కదా, ఎవరికీ చెప్పలేదు."

బసవరాజు గ్రీజు దగ్గరే ఆగిపోయాడు సరే, మసి వాసన పట్టి కూడా అది కాటుకని నాకు తట్టలేదు.

మరిచిపోయుంటావమ్మా, కొడుకు పోయిన బాధలో ఏదో అనుకుంటున్నావు అని బసవరాజు సర్దిచెప్పబోయాడు. లాకప్పు కిటికీ ఆవరణలోకే ఉంది. నేను అక్కడికి పోయి మంజునాథ్‌ను ఒకే ప్రశ్న అడిగాను, బసవరాజు వినేట్టు. వెనక కుడి రింగుకు అమ్మ ఏం పెట్టింది?

"కాటిక" అన్నాడు లోపలి నుంచి. "నేనే సెల్లు లైటు పట్టినా. కారుకేం దిష్టి పెద్దమ్మా అని నవ్వితే నెత్తిన మొట్టింది. ఎందుకు?"

నేను బసవరాజు వైపు తిరిగాను. పూజ తరవాత రింగు తిప్పినవాడు నల్లమరకను గ్రీజు అనుకొని తుడిచేశాడు. తక్కిన మూడిటి మీద కుంకుమ ఉంది, దీని మీద లేదు. తన చెయ్యి తగిలి చెరిగిపోయిందనుకున్నాడు. షెడ్డులో పూజపళ్లెం అక్కడే ఉండి ఉంటుంది. వేలు ముంచి కొత్త బొట్టు పెట్టాడు. మంజునాథ్‌కు అది కాటుకని తెలుసు, అతనైతే కుంకుమ పెట్టడు. పెట్టింది పూజలో లేనివాడు, మేకుకున్న తాళంచెవి అందేవాడు.

"సీఐ గారూ, చక్రాలు విప్పకముందే నాలుగిటి మీదా కుంకుమ ఉంటుందని మీకు చెప్పిందెవరు?"

బసవరాజు కళ్లు కుర్చీ వైపు పోయాయి.

సీతాబాయి లేచి నిలబడింది. "ఈయన పూజకు రాలేదు" అంది. "నడింట్లో తలుపేసుకొని కూర్చున్నారు. హారతికి పిలిస్తే కూడా రాలేదు."

పెద్దాయన బుకాయిస్తాడనుకున్నాను. అబ్బే. కాలు మీద కాలు దించి, బోర్డు ముందు నిలబడ్డట్టు గొంతు సవరించుకున్నాడు.

"మూడు చుట్లు. మూడే చుట్లు తిప్పినాను. లెక్క ప్రకారం ఆ మాత్రానికి ప్రమాదం రాకూడదు. తక్కువ వేగంలో బండి ఒకవైపు గుంజుతుంది, అంతే. సందులో తోలి చూస్తాడు, తన వల్ల కాదని తెలుసుకుంటాడు, మళ్లీ కాలేజీకి పోతాడు. నేరుగా పెద్దరోడ్డు ఎక్కుతాడని నేనెట్లా అనుకుంటాను?"

"మరి మంజునాథ్?" అన్నాను.

"వాడు లేకపోతే నా కొడుకు ఈ దారి పట్టేవాడే కాదు. నైతికంగా చూస్తే హంతకుడు వాడే."

నైతికంగా! ఎందరో దొంగల్ని చూశాను, లంచాలు మింగినవాళ్లతో ఒకే గదిలో కూర్చొని పని చేశాను. ఎవరి నోట ఏ మాట విన్నా నాకింత రోత పుట్టలేదు. కొడుకు శవం లోపల ఉండగానే, తాను పెట్టిన బొట్టును సాక్ష్యంగా చూపించి ఇంకొకణ్ని జైలుకు సిద్ధం చేశాడు. పైగా లెక్క తప్పలేదంటాడు. ఆ మనిషి ముఖం మీద ఉమ్మాలనిపించింది, నిజంగానే అనిపించింది.

ఆ రోతలో బసవరాజును మరిచాను. అదే నా పొరపాటు.

వెనక్కి తిరిగేసరికి ఆయన చక్రం దగ్గర వంగి ఉన్నాడు. బొటనవేలు నోట్లో పెట్టుకొని తడిచేసి, రింగు మీద బలంగా రుద్దాడు. ఇంకోసారి ఎంగిలి చేసి ఇంకోసారి రుద్దాడు. నేను పోయి చెయ్యి పట్టుకునేసరికి రింగు తళతళలాడుతోంది. ఎరుపూ లేదు, నలుపూ లేదు.

"ఏం బొట్టు మేడం? యాడుంది?" అన్నాడు నా చెయ్యి విదిలించుకుంటూ. "నాకు సదువు సెప్పిన సారును నా చేతుల్తో లోపలేస్తానా? అయ్యే పని కాదు. అమ్మకు మనసు బాగలేదు, ఏందేందో మాట్లాడతాంది. సార్, అమ్మను ఇంటికి పిల్సుకపోండి. తలుపేసి రెస్టు ఇయ్యండి. ఎవరితో మాట్లాడనీయొద్దండి."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ కేసులో ఇక మిగిలిన సాక్ష్యం ఒక్కటే, కాటుక పెట్టిన ఈ ఆడమనిషి నోరు. మంజునాథ్ మాట ముద్దాయి మాట, ఎవరూ నమ్మరు. పెద్దాయన ఒప్పుకున్నది నేను విన్నానన్నా, ముద్దాయి తరఫు మనిషినని కొట్టిపారేస్తారు. ఆమెను తీసుకుపోయి గదిలో పెట్టమని సీఐ చెబుతున్నది చంపినవాడికే.

మధుసూదనరావు లేచి వచ్చి భార్య మణికట్టు పట్టుకున్నాడు. వాళ్ల ఇంటిమాట కన్నడం, అందులోనే ఏదో అన్నాడు, మెత్తగా. నడువు, ఇంటికి పోదాం అన్నమాట. ఆమె చెయ్యి లాక్కోలేదు. ఆయన వేళ్లను ఒక్కొక్కటే విప్పింది. హోంగార్డులు, ఆటోవాడు, లాకప్పు కిటికీ దగ్గర మంజునాథ్, అందరూ చూస్తున్నారు. ముప్పై ఏళ్లుగా ఆయనతో కన్నడం తప్ప మాట్లాడని మనిషి అందరికీ అర్థం కావాలని తెలుగులోనే జవాబు చెప్పింది.

"మూడు చుట్లు తిప్పి వచ్చి, చేతులు కడుక్కొని, నా ఎదురుగా కూర్చొని వాడితో కలిసి భోంచేసినారు మీరు. ఇంకొంచెం చారు వెయ్యమన్నారు."

బసవరాజు జీపు తీయమని కేకేశాడు, ముద్దాయిని ఇప్పుడే కోర్టుకు ఎక్కించమన్నాడు. సాయంత్రం దాకా ఆగే ఉద్దేశం ఇక లేదు. నా ఫోను ఇంకా వాళ్ల సొరుగులోనే ఉంది. అడిగితే ఇవ్వరు.

సీతాబాయి నడుచుకుంటూ వచ్చి నా కారు ముందు తలుపు తీసి కూర్చుంది. కొడుకు చెప్పుల సంచి ఒళ్లో పెట్టుకుంది.

"కోర్టు యాడుందో తెలుసా తల్లీ నీకు?" అని అడిగింది. "ఆ పిల్లోన్ని లోపలికి తీసుకుపోయేలోపల జడ్జి ముందర నేను ఉండాల."

తెలుసన్నాను. గేటు దగ్గర హోంగార్డు అప్పటికే గొలుసు వేస్తున్నాడు. నేను గేరు వేసి, హారను మీద చెయ్యి తీయకుండా బండిని నేరుగా గేటు మీదికే పోనిచ్చాను.